కామ్‌బాయ్‌ను కొరియా కన్సోల్ అనవచ్చునా? మన ఉమ్మడి జాబితాపై చర్చ

పాతపెట్టె:
మన వేదికలోని కొరియా కన్సోళ్ళ, అంటే వీడియో ఆటల యంత్రాల, ఉమ్మడి జాబితాను సరిచూసే పని ఈసారి నా వంతుకు వచ్చింది. హ్యుందాయ్ ఎలక్ట్రానిక్స్ అమ్మిన కామ్‌బాయ్‌ను, శాంసంగ్ అమ్మిన గ్యామ్‌బాయ్, సూపర్ అల్లాదీన్‌బాయ్‌లను అందులో ఉంచాలో తీసివేయాలో నాకు తేలడం లేదు. కొత్తగా చేరినవారి కోసం చెబుతున్నాను. కామ్‌బాయ్ అంటే జపాను సంస్థ నింటెండో చేసిన ఎన్ఈఎస్ యంత్రానికి కొరియాలో పెట్టిన పేరు, గ్యామ్‌బాయ్ అంటే మరో జపాను సంస్థ సెగా చేసిన మాస్టర్ సిస్టమ్. రెండూ 1989లోనే అక్కడి అంగళ్ళకు వచ్చాయి. గ్యామ్‌బాయ్‌ని నింటెండో గేమ్‌బాయ్ అనుకోకండి. ఆ చేతి యంత్రాన్ని హ్యుందాయ్ మినీ కామ్‌బాయ్ పేరుతో అమ్మింది. సభ్యులు తమ అభిప్రాయం తెలియజేయగలరు. పనిలో పనిగా నా సొంత సందేహం ఒకటి: గత నెల నాకొక సూపర్ అల్లాదీన్‌బాయ్, అంటే శాంసంగ్ పేరున్న సెగా మెగాడ్రైవ్, అడాప్టర్‌తో సహా దొరికింది. దానిని హైదరాబాదులోని మా ఇంటి కరెంటుకు నేరుగా తగిలించవచ్చునా?

ఎర్రబటన్:
తీసివేయాలన్నదే నా అభిప్రాయం, ఇది నేను చెప్పడం మొదటిసారి కాదు. జపాను వారు రూపొందించి, జపాను వారి ఆటలతో నడిచే యంత్రంపై కొరియా కంపెనీ తన పేరు అచ్చువేసినంత మాత్రాన అది కొరియా కన్సోల్ అయిపోదు. 1985లో దేవూ తెచ్చిన జెమ్మిక్స్‌ను జాబితాలో పెట్టండి, 2001 నవంబరులో గేమ్‌పార్క్ విడుదల చేసిన చేతి యంత్రం జీపీ32ను పెట్టండి, ఆ సంస్థ నుంచి విడివడినవారు 2005లో తెచ్చిన జీపీ2ఎక్స్‌ను పెట్టండి. అవి అక్కడి ఇంజనీర్లు తలపగలగొట్టుకొని చేసిన యంత్రాలు. తక్కినవన్నీ పెట్టె మారిన పరాయి సరుకు.

సువాన్‌వాసి:
ఎర్రబటన్ గారి మాటను ఆయన చెప్పిన ఉదాహరణలతోనే పరీక్షిద్దాం. జెమ్మిక్స్ లోపల ఉన్నది ఎమ్మెస్సెక్స్ అనే ప్రమాణం ప్రకారం చేసిన ఇంటి కంప్యూటర్. ఆ ప్రమాణాన్ని 1983లో ప్రకటించినవారు జపానుకు చెందిన యాస్కీ, అమెరికాకు చెందిన మైక్రోసాఫ్ట్. జీపీ32లో శాంసంగ్ చిప్ ఉన్న మాట నిజమే, కానీ దాని గుండెకాయ ఇంగ్లండుకు చెందిన ఆర్మ్ సంస్థ నమూనా. ఇలా వడపోస్తూ పోతే జాబితాలో చివరకు అట్టపెట్టె తప్ప ఏమీ మిగలదు.

అసలు హ్యుందాయ్, శాంసంగ్ పేర్లు ఆ యంత్రాలపైకి ఎందుకు వచ్చాయో ఆలోచించండి. ఎంపిక చేసిన జపాను సరుకులు నేరుగా దేశంలోకి రాకుండా అడ్డుకునే దిగుమతి విధానం ఒకటి కొరియాలో 1978 నుంచి 1999 వరకు అమలులో ఉంది. అది చాలదన్నట్లు జపాను సంస్కృతికి సంబంధించిన వస్తువులపై వేరే ఆంక్షలు ఉండేవి. అవి 1998 అక్టోబరు నుంచి విడతలవారీగా సడలుతూ వచ్చినా, ఇంటి కన్సోళ్ళ ఆటలకు తలుపులు పూర్తిగా తెరుచుకున్నది 2004 జనవరిలో మాత్రమే. అంటే ఆ పేరు ఎవరో సరదాకు అతికించిన చీటీ కాదు; ఆ దేశపు చట్టాలు, జపాను వలస పాలన నాటి గాయాలు, వ్యాపార అవసరాలు కలిసి పుట్టించిన పేరు. కొరియా ఆటల చరిత్ర సేకరిస్తున్నామని చెప్పుకుంటూ, ఆ చరిత్ర అత్యంత స్పష్టంగా రాసి ఉన్న పెట్టెలనే బయట పడేస్తామా? అంబాసిడర్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిందని మనలో ఎవరైనా దానిని ఇంగ్లండు కారు అంటున్నారా?

ఎర్రబటన్:
అంబాసిడర్‌ను ఉత్తరపారాలో దశాబ్దాల తరబడి తయారు చేశారు, దానికి సొంత జీవితం ఏర్పడింది. ఆ పోలిక ఇక్కడ నిలవదు.

రేపల్లె రైలు:
మా నాన్నగారికి 1978 నాటి అంబాసిడర్ ఉండేది. అది ఏ దేశపు కారో తెలియదు గాని, వర్షాకాలంలో మాత్రం ఏ దేశంలోనూ నడిచేది కాదు.

ఎర్రబటన్:
కార్ల సంగతి వదిలేద్దాం. ప్రమాణం వేరు, తయారైన వస్తువు వేరు. ఎమ్మెస్సెక్స్ అన్నది ఎవరైనా అనుసరించగల ప్రమాణం. దాని ఆధారంగా కంప్యూటరును కన్సోల్‌గా మలచి, రంగురంగుల పెట్టెలో పెట్టి, పిల్లల చేతికి అందించాలన్న ఆలోచన దేవూది. కామ్‌బాయ్‌లో హ్యుందాయ్ ఆలోచన ఏమున్నది? క్యాసెట్ పెట్టే గాడి చూడండి. కామ్‌బాయ్‌ది అమెరికా ఎన్ఈఎస్ గాడి, గ్యామ్‌బాయ్‌ది జపానులో అమ్మిన సెగా మార్క్ 3 గాడి. కొరియా గాడి ఎక్కడ?

సువాన్‌వాసి:
గాడి కొలతను బట్టి దేశం నిర్ణయిస్తారని ఇంతవరకు నాకు తెలియదు. గాడి అమెరికాదైనా జపానుదైనా అందులో పెట్టేదానిని అక్కడి పిల్లలు ప్యాక్ అనే పిలిచారు, మనం క్యాసెట్ అని పిలిచినట్లే.

సరే, గాడి దగ్గరకే వద్దాం. 1992లో శాంసంగ్ గ్యామ్‌బాయ్ కోసం ఊజు కొబుక్‌సన్ అనే ఆటను విడుదల చేసింది. సేనాపతి ఈ సున్‌సిన్ పదహారవ శతాబ్దంలో జపాను దండయాత్రను ఎదుర్కోవడానికి వాడిన తాబేలు ఓడను అంతరిక్షంలోకి పంపిన కాల్పుల ఆట అది. జపాను గాడిలో దూరి, జపానుపై గెలిచిన ఓడను నడిపించిన ఆట! కొరియా ఆట, కొరియా కథ, కొరియా పేరు. అది ఆడడానికి రూపొందించిన యంత్రం మాత్రం మీ లెక్కలో కొరియాది కాదు. అదే శాంసంగ్ సూపర్ అల్లాదీన్‌బాయ్ కోసం స్టోరీ ఆఫ్ థార్ అనే జపాను ఆటను కొరియన్ భాషలోకి మార్చి అమ్మింది. ఇదంతా చీటీ పనేనా?

ఎర్రబటన్:
ఆటను ఆటల జాబితాలో పెట్టండి, నేను అడ్డు చెప్పలేదు. తెలుగులోకి అనువదించినంత మాత్రాన రష్యన్ నవల మన నవల కాదు.

పెద్దడబ్బా:
ఈ వాదన మొత్తం ఇంటి కన్సోళ్ళ చుట్టూ తిరుగుతోందని సవినయంగా గుర్తుచేస్తున్నాను. కొరియా వారు సొంతంగా ఆటలు చేసినది ప్రధానంగా పీసీపై. సన్‌నోరి వారి ఆస్టోనిషియా స్టోరీ 1994లో వచ్చింది, సాఫ్ట్‌మ్యాక్స్ వారి చాంగ్‌సెగిజన్ 1995లో వచ్చింది. పెద్ద అట్టపెట్టెలలో వచ్చిన ఆ ఆటల మార్కెట్ తరువాత దొంగ నకళ్ళ వల్ల, పత్రికలు నెలనెలా ఉచితంగా జతచేసి పంచిన సీడీల వల్ల చితికిపోయింది. 1998లో లీనియేజ్ అనే ఆన్‌లైన్ ఆట వచ్చాక జనం ఆన్‌లైన్ వైపు మళ్ళారు, పెట్టెలు అటకెక్కాయి. తేమకు ముద్దయిపోతున్నది ఆ అట్టపెట్టెలే. వాటికి మన వేదికలో జాబితాయే లేదని నేను మూడుసార్లు రాశాను.

నీలిదీపం:
పెద్దడబ్బా గారితో ఏకీభవిస్తున్నాను. కన్సోళ్ళ విషయంలో నాదొక సూచన: పక్కన ఒక గడి గీసి, రూపకల్పన ఎవరిది, అమ్మినది ఎవరు అని విడివిడిగా రాస్తే సరిపోదా?

ఎర్రబటన్:
సరిపోదు. పేరు జాబితాలో ఉంటే ఉన్నట్లే, పక్క గడులు ఎవరూ చదవరు. నేనూ చదవలేదు కనుకనే ఈ మాట అంటున్నాను. రెండేళ్ళ క్రితం ఈ జాబితాలో పేరు చూసి, ఫోటోలు చూసి, ఒక అమ్మకందారు దగ్గర 31,000 రూపాయలు పోసి కామ్‌బాయ్ తెప్పించుకున్నాను. కస్టమ్స్ సుంకం అదనం. వచ్చాక చూస్తే హ్యుందాయ్ చీటీ ఓ మూల లేచి ఉంది. గోటితో గీరితే దాని కింద వేరే చీటీ కనిపించింది. లోపలి బోర్డు కొరియా మార్కెట్‌కు చెందినది కానే కాదు. డబ్బు తిరిగి రాలేదు, పంపినవాడు జవాబివ్వడం మానేశాడు. జెమ్మిక్స్‌ను నకిలీ చేయాలంటే యంత్రమంతా తయారు చేయాలి. కామ్‌బాయ్‌ను నకిలీ చేయాలంటే చీటీ అచ్చువేస్తే చాలు. ఎందుకంటే తేడా అంతా చీటీలోనే ఉంది. ఇప్పుడు చెప్పండి, అది చీటీ కాక మరేమిటి?

సువాన్‌వాసి:
మీరు మోసపోవడం బాధాకరమే. అయితే మీకు ఒకడు నకిలీ నోటు అంటగట్టాడని రిజర్వు బ్యాంకునే ఎత్తివేయాలంటే ఎలా? దుఃఖం మీ సొంతం, చరిత్ర అందరిదీ. ఈ మాట రెండేళ్ళ క్రితమే చెప్పి ఉంటే నకిలీల గురించి మాట్లాడుకునేవాళ్ళం; దానికి బదులు గాడి అనీ ప్రమాణం అనీ ఇంతసేపు మమ్మల్ని తిప్పారు.

ఎర్రబటన్:
తిప్పినది నేనా? కొరియాలోని సువాన్‌లో ఉద్యోగం చేస్తూ, వారాంతంలో సియోల్‌లోని యోంగ్సాన్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌కో కుక్జే ఎలక్ట్రానిక్స్ సెంటర్ తొమ్మిదో అంతస్తుకో వెళ్ళి, యంత్రాన్ని చేత్తో పట్టుకొని, తిప్పి చూసి కొనే వీలు మీకుంది. ఇక్కడ ఉన్నవారికి ఫోటోయే గతి. పైగా సెలవులకు వచ్చిన ప్రతిసారీ సూట్‌కేసులో మూడు నాలుగు యంత్రాలు తెచ్చి ఇక్కడి సభ్యులకే అమ్ముతారు. జాబితాలో పేరు ఉన్న యంత్రానికి ఒక ధర, లేనిదానికి మరో ధర. ఆ పేరు జాబితాలో ఉండాలని మీరు ఇంతగా పట్టుబట్టడానికి చరిత్ర ఒక్కటే కారణమని నన్ను నమ్మమంటారా?

పాతపెట్టె:
ఇద్దరికీ నమస్కారం. వ్యక్తిగత ఆరోపణలు వద్దని మనవి. అడాప్టర్ గురించి నేను అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

సువాన్‌వాసి:
ఆరోపణ చేశారు గనుక జవాబు చెప్పుకొనే హక్కు నాకుంది. నాలుగేళ్ళలో నేను ఈ వేదికలో అమ్మినవి ఆరు యంత్రాలు, కొన్న ధరకే ఇచ్చాను, రసీదులు కొనుగోలుదారులకే పంపాను. అందులో కామ్‌బాయ్ ఒక్కటే.

నేను పట్టుబట్టడానికి కారణం వేరు. మా కార్యాలయంలో నా పక్క కుర్చీలో కూర్చునే సహోద్యోగికి చిన్నప్పుడు తండ్రి కామ్‌బాయ్ కొనిచ్చారట. అది నింటెండో యంత్రమని తనకు ఉన్నత పాఠశాలకు వెళ్ళాక గాని తెలియలేదని, అంతవరకు అది హ్యుందాయ్ వారిదేనని, కార్లు చేసేవాళ్ళు ఆటలు కూడా చేస్తారని అనుకున్నానని ఒకసారి భోజనాల దగ్గర చెప్పాడు. అతని బాల్యంలో ఉన్నది కామ్‌బాయ్, ఎన్ఈఎస్ కాదు. ఆ దేశంలోని పిల్లలు ఏమి ఆడారు, ఏ పేరుతో ఆడారు అన్నది నమోదు చేసే పట్టికగానే నేను ఈ జాబితాను చూస్తున్నాను. అందుకే ఒక్క పేరు తీసేస్తామన్నా నాకు జనాభా లెక్కల్లో ఒక వీధిని వదిలేసినట్లు ఉంటుంది.

ఎర్రబటన్:
రసీదుల సంగతి నాకు తెలియదు. ఆ మాట తొందరపడి అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ మీరు జనాభా లెక్కలు అనుకుంటున్నదాన్ని ఇక్కడ చాలామంది సరుకుల చీటీగా వాడుతున్నారు. పట్టుకొని అంగడికి పోతారు. కిందటి సంవత్సరం ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఈ జాబితాను పై నుంచి కిందికి వరుసగా కొనడం మొదలుపెట్టాడు, నాలుగో పేరు దగ్గర అప్పు చేశాడు. చరిత్ర పుస్తకంలో కామ్‌బాయ్ ఉండకూడదని నేను ఎన్నడూ అనలేదు. కొనమని చెప్పినట్లు కనిపించే చోట ఉండకూడదంటున్నాను.

నీలిదీపం:
ఈ మాట మొదటి జవాబులోనే వచ్చి ఉంటే సగం చర్చ తప్పేది.

సువాన్‌వాసి:
ఈ జాబితా ఎవరినీ కొనమనదు, ఆ విద్యార్థి అప్పుకు కామ్‌బాయ్‌ది పూచీ కాదు. అయినా నకిలీ భయం నిజమేనని ఒప్పుకుంటున్నాను. నా దగ్గర ఉన్న కామ్‌బాయ్ మరలు విప్పి, చీటీ, బోర్డు, అడుగు భాగం ఫోటోలు తీసి జాబితాలో ఆ పేరు కిందే పెడతాను. అసలైనది ఎలా ఉంటుందో అందరికీ తెలుస్తుంది. పేరు మాత్రం ఉండాల్సిందే.

ఎర్రబటన్:
ఫోటోలతో పాటు మీరు ఎంతకు కొన్నారో ఆ ధర కూడా రాయాలి. ఇక్కడ పదింతలు చెప్పేవాడి నోరు మూతపడేది దానితోనే.

సువాన్‌వాసి:
ధర రాయను. ధర రాసిన రోజే అది మీరన్న సరుకుల చీటీ అవుతుంది.

రేపల్లె రైలు:
మళ్ళీ మొదటికొచ్చాం.

పెద్దడబ్బా:
పీసీ ఆటల అట్టపెట్టెల జాబితా గురించి నాలుగోసారి రాస్తున్నాను.

పాతపెట్టె:
ఫోటోలు వచ్చేవరకు కామ్‌బాయ్, గ్యామ్‌బాయ్ పేర్లను ఉన్నచోటే ఉంచుతున్నాను. ధర విషయం ఓటుకు పెడతాను. పెద్దడబ్బా గారూ, మీ జాబితాకు వేరే పుట తెరిచాను, మొదటి పేర్లు మీరే చేర్చండి. దయచేసి ఇప్పటికైనా నా అడాప్టర్ సంగతి ఎవరైనా చెప్పగలరా?

ఎర్రబటన్:
నేరుగా తగిలించవద్దు. కొరియాలో ఇళ్ళ కరెంటును 110 వోల్టుల నుంచి 220కి మార్చే పని 1973లో మొదలై 2005 దాకా సాగింది. మీ యంత్రం అమ్ముడైన రోజుల్లో రెండు రకాల ఇళ్ళూ ఉండేవి. కాబట్టి అడాప్టర్ వెనుక ఏమి రాసి ఉందో ముందు చదవండి. 220 అని ఉంటే సరే. మీటతో 110, 220 మార్చుకునేది అయితే మీట 220 వైపు ఉందో లేదో రెండుసార్లు చూడండి. 110 మాత్రమే ఉంటే మన కరెంటుకు అది క్షణంలో కాలిపోతుంది, మధ్యలో వోల్టేజీ తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. అడాప్టర్ మార్చదలిస్తే యంత్రంపై ముద్రించిన వోల్టేజీతో పాటు పిన్నులో లోపలి వైపు ప్లస్సా మైనస్సా అన్నది కూడా సరిపోవాలి. మెగాడ్రైవ్ తొలి నమూనాకూ రెండో నమూనాకూ అది తలకిందులుగా ఉంటుంది. ఒకదాని అడాప్టర్ మరొకదానికి పెట్టి ఇక్కడ ఇద్దరు సభ్యులు ఇప్పటికే యంత్రాలు పోగొట్టుకున్నారు.

సువాన్‌వాసి:
ఎర్రబటన్ గారు చెప్పినది అక్షరాలా నిజం. అడాప్టర్ చీటీ ఫోటో ఇక్కడ పెట్టండి, దానిపై ఉన్న కొరియన్ అక్షరాలు నేను చదివి చెబుతాను.

ఎర్రబటన్:
చీటీ అంచులు కూడా కనబడేలా తీయండి.