గడ్డి విత్తనాల మీద పీట్ మాస్ వేయాల్సిందేనా?

ఎర్రమట్టి, విజయనగరం:
ఇంటి ముందు సెంటు జాగాలో లాన్ పెంచుదామని పోయిన నెల బెర్ముడా విత్తనాలు చల్లాను. సగం చీమలు మోసుకుపోయాయి, ప్రహరీ వెంబడి బారులు తీరి ఒక్కో గింజా పట్టుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాను. మిగతావి ఒక్క వానకి గేటు మూలకి కొట్టుకుపోయి అక్కడే గుబురుగా మొలిచాయి. వీడియోల్లో విదేశాల వాళ్లు విత్తనాల మీద పీట్ మాస్ జల్లుతున్నారు. ఇక్కడ ధర చూస్తే కళ్లు తిరిగాయి. అదే వేయాలా, ఎంత మందం?

మిద్దెతోట, శ్రీకాకుళం:
కొని చేతులు కాల్చుకున్నాను కాబట్టి చెబుతున్నాను. అది కెనడా లాంటి చలి దేశాల్లో, బురద నేలల్లో స్ఫాగ్నం అనే నాచు వేల ఏళ్లుగా పేరుకుని సగం కుళ్లితే తయారయ్యేది. ఏడాదికి మిల్లీమీటరు పెరిగితే గొప్ప. తేమ బాగా పట్టి ఉంచుతుంది, ఆరితే రంగు తేలిపోతుంది కాబట్టి ఎప్పుడు తడపాలో తెలిసిపోతుంది, అది బాగుంది. కానీ మన ఎండకి ఒక్కసారి పూర్తిగా ఎండిందా, ఇక నీళ్లు పీల్చదు, బొట్లు బొట్లుగా పైనే దొర్లిపోతాయి. నేను పొడిగానే చల్లాను, సగం పక్కింటి వాకిట్లో పడింది, ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు.

ఉద్దానం కొబ్బరి, కవిటి:
ఏటి బాబూ, ఉద్దానాన్ని పక్కన పెట్టుకుని కెనడా నాచు కొంటారా? 2018 తిత్లీ తుపానుకి తోటలు చాలా పోయాయి గానీ కొబ్బరి పీచు పొట్టుకి మాత్రం లోటు లేదు. ఆ పొట్టునే దిమ్మలుగా నొక్కి కోకోపీట్ అని అమ్ముతారు, 5 కిలోల దిమ్మ నానితే దగ్గర దగ్గర 70 లీటర్లవుతుంది. సెంటంటే 40 చదరపు మీటర్లు, అర సెంటీమీటరు మందానికి 200 లీటర్లు, మూడు దిమ్మలు చాలు. అంతకంటే మందం వేస్తే ఆ సన్న గింజ పైకి రాలేదు. అసలు విషయం ఆ పొట్టులో ఉండే ఉప్పు. నానబెట్టి, గోనె సంచిలో పోసి, మంచినీళ్లతో రెండు మూడు సార్లు కడిగి పిండండి. కడగకుండా వేసి మొలకలు మాడిపోయాక పొట్టుని తిట్టేవాళ్లే ఎక్కువ.

గట్టు మీద గరిక, బొబ్బిలి:
బెర్ముడా అంటే వినాయకచవితికి గట్టు మీద కోసుకొచ్చే గరికే, ప్యాకెట్లో పడేసరికి పేరు మారింది. నన్నడిగితే విత్తనమే వద్దు, రెండు మూడు కణుపులుండేలా తీగలు కత్తిరించి జానెడు దూరంలో గుచ్చండి. విత్తనమే కావాలంటే చల్లాక చేత్తో అదిమి, కోకోపీట్ వేసి, పైన తడి గోనె పట్టా కప్పండి, వానకి కొట్టుకుపోదు. అయిదో రోజు నుంచి రోజూ ఎత్తి చూడండి, మొలక కనబడిన రోజే తీసెయ్యాలి. పైపుతో కొట్టకండి, పూలమొక్కలకి పోసే జల్లు డబ్బాతో రోజుకి రెండు మూడు సార్లు. చెరువు మట్టి మాత్రం తోలించకండి, దాంతో తుంగ వస్తుంది, తుంగ వచ్చాక మీ మనవలు కూడా పీకుతూనే ఉంటారు.

ఎర్రమట్టి, విజయనగరం:
మూడు దిమ్మలు తెచ్చాను. మొదటి నీళ్లు కాఫీ డికాక్షన్‌లా వచ్చాయి, మూడోసారికి పలచటి టీ రంగుకి దిగాయి. మరి గేటు మూలన మొలిచిన గుబురుని పీకి పారేయనా?

గట్టు మీద గరిక, బొబ్బిలి:
పారేస్తారా! సాయంత్రం పూట మట్టిగడ్డతో సహా లేపి, ముక్కలు చేసి నాటుకోండి. మీ లాన్‌లో ఇప్పటికి బతికింది అదొక్కటే కదా.