యాక్సెస్‌లో ఏ బిల్లు తెరిచినా కొట్టు సరుకంతా కనిపిస్తోంది

ప్రశ్న:
నమస్కారమండీ. మా ఎరువుల కొట్టుకి మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో బిల్లింగ్ చేసుకుంటున్నాను. పైన బిల్లు ఫారం (తేదీ, రైతు పేరు), దాని లోపలే ఇమిడి ఉండే చిన్న ఫారం, అంటే సరుకుల సబ్‌ఫారం. 12వ నంబరు బిల్లులో ఉన్నది యూరియా మూడు బస్తాలే, తెరిస్తే 47 లైన్లు వస్తున్నాయి. ఏ బిల్లు తీసినా ఇంతే.

జవాబు:
రెండు ఫారాలకీ లింకు పడలేదండీ. డిజైన్ వ్యూలో (ఫారం అమరిక మార్చుకునే చోట) సబ్‌ఫారం అంచు మీద ఒక్కసారే నొక్కండి. రెండోసారి నొక్కారంటే లోపలి ఫారం సెలెక్ట్ అవుతుంది, మనకి కావలసినవి కనబడవు. నేను ఇక్కడే ఒక పూటంతా పోగొట్టుకున్నాను. ప్రాపర్టీ షీట్‌లో డేటా ట్యాబ్ కింద లింక్ మాస్టర్ ఫీల్డ్స్, లింక్ చైల్డ్ ఫీల్డ్స్ ఉంటాయి. మాస్టర్‌లో బిల్లుల టేబుల్ ప్రైమరీ కీ (ఒక్కో బిల్లునీ విడిగా గుర్తుపట్టే ఫీల్డు), చైల్డ్‌లో సరుకుల టేబుల్‌లోని బిల్లు నంబరు ఫీల్డు పెట్టాలి. ఇంతకీ ఆ ఫీల్డు డేటా టైప్ ఏమిటి?

ప్రశ్న:
రెండు చోట్లా ఆటోనంబరేనండీ.

జవాబు:
దొరికింది దొంగ! ఆటోనంబర్ అంటే యాక్సెస్ తనంతట తానే వేసే నంబరు, అది బిల్లుల వైపే ఉండాలి. సరుకుల వైపు పెడితే పై బిల్లుతో పని లేకుండా 1, 2, 3 అని తన లెక్క తను వేసుకుంటూ పోతుంది. ముందు ఫైలు కాపీ తీసి పెట్టుకోండి. సరుకుల టేబుల్‌లో బిల్లు నంబరుని నంబర్‌గా మార్చి, ఫీల్డ్ సైజ్ లాంగ్ ఇంటిజర్ ఇవ్వండి. డిఫాల్ట్ వాల్యూలో 0 ఉంటే తీసేయండి. ప్రైమరీ కీ దాని మీద ఉంటే అదీ తీసేసి, లైన్ నంబరు అని వేరే ఆటోనంబర్ పెట్టి దానికివ్వండి. ఆ 47 లైన్లకీ బిల్లు నంబర్లు మాత్రం బిల్లు బుక్కు చూసి చేత్తో కొట్టుకోవాల్సిందే, తప్పదు.

ఇంకొకరు:
కొత్త బిల్లులో ముందు రైతు పేరు కొట్టండి. పైనుంచి సబ్‌ఫారంలోకి దిగగానే పై రికార్డు సేవ్ అవుతుంది. పైన ఖాళీగా వదిలి సరుకు కొడితే ఆ లైను ఏ బిల్లుకీ చెందకుండా మిగిలిపోతుంది. సరుకుల టేబుల్‌లో బిల్లు నంబరుకి రిక్వైర్డ్ యెస్ పెడితే దాన్ని ఖాళీగా సేవ్ చేయనివ్వదు, ఆ బెడద ఉండదు.

ప్రశ్న:
అన్నీ చేశాను, 12లో మూడు బస్తాలే వచ్చాయి! కానీ సబ్‌ఫారం ఫుటర్‌లోని మొత్తాన్ని పైకి తెస్తే నేమ్ ఎర్రర్ చూపిస్తోంది.

జవాబు:
మొత్తాన్ని పైకి తెచ్చే ఫార్ములాలో లోపలి ఫారం పేరు రాసి ఉంటారు. అక్కడ రాయాల్సింది ఇందాకటి అంచు ఉందే, ఆ డబ్బా (సబ్‌ఫారం కంట్రోల్) పేరు. అంచు మీద నొక్కి అదర్ ట్యాబ్‌లో చూడండి.

ప్రశ్న:
చైల్డ్14 అని ఉందండీ! అదే కొట్టాను, మొత్తం వచ్చేసింది.