టైట్రేషన్: ల్యాబ్‌లో ఒక అర్థం, వార్డులో ఇంకో అర్థమా?

నర్సింగ్ పాఠాలు తెలుగు చేస్తున్న మిత్రులొకరు 'టైట్రేట్' అన్న చోటల్లా 'అంశమాపనం' అని రాయొచ్చా అని అడిగారు. రాయకూడదనే నా అభిప్రాయం. మనకున్న తెలుగు మాట కెమిస్ట్రీ కోసం పుట్టింది, అక్కడ చక్కగా కుదిరింది కూడా.

ముందు ల్యాబ్ సంగతి. శాంకవ కుప్పెలో ఆమ్లం ఉంటుంది, దాని గాఢత తెలియదు. క్షారంలో గులాబీ రంగుకి మారే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్‌లోంచి, అంటే కొలత గీతలున్న గాజు గొట్టంలోంచి, గాఢత తెలిసిన క్షారాన్ని వదులుతాం. పడిన చోట గులాబీ రంగు మెరిసి, కుప్పె తిప్పగానే పోతుంది. పోవడానికి కాస్త ఆలస్యమవుతోందంటే దగ్గరపడ్డట్టే, అక్కణ్నుంచి ఒక్కొక్క చుక్కే. లేత గులాబీ ఓ అర నిమిషం నిలిస్తే ఆపేసి రీడింగ్ రాసుకుంటాం. ముదురు గులాబీకి వెళ్లిందా, మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. ఇదంతా కుప్పెలో ఏది ఎంత ఉందో తేల్చడానికి. అంశని కొలవడమే కాబట్టి అంశమాపనం.

ఇప్పుడు ఐసీయూకి రండి. బీపీ పడిపోయిన రోగికి సిరంజి పంపు మీద బీపీ పెంచే మందు నార్‌అడ్రినలిన్ నడుస్తోంది. సగటు బీపీ 65 కంటే తగ్గకుండా టైట్రేట్ చేయమని ఆర్డర్. నర్సు పంపు రేటు ఒక మెట్టు పెంచి, కొన్ని నిమిషాలు ఆగి, మానిటర్ చూసి, చాలకపోతే ఇంకో మెట్టు పెంచుతుంది. ఇక్కడ మందు గాఢత ముందే తెలుసు, సిరంజి లేబుల్ మీదే ఉంటుంది. తెలియనిదల్లా ఈ మనిషికి ఎంత సరిపోతుందన్నదే. అది కూడా ఒకసారి తేలితే అయిపోయేది కాదు. సాయంత్రం సరిపోయిన మోతాదు పొద్దుటికి ఎక్కువ కావచ్చు, అప్పుడు అంతే జాగ్రత్తగా తగ్గించుకుంటూ రావాలి. కుప్పెలో పడిన చుక్కని వెనక్కి తీయలేం, పంపు రేటు మాత్రం తగ్గించగలం. నా దృష్టిలో రెండు వాడుకలకీ అసలు తేడా ఇదే.

ఆక్సిజన్‌కీ ఇదే మాట వాడతారు. చాలామందికి శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ స్థాయి, 94–98 శాతం మధ్య ఉండేలా చూస్తారు. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉన్నవాళ్లకి 88–92 చాలు. మాస్క్ ఉంది కదా అని ఆక్సిజన్‌ని పూర్తిగా తెరిచేస్తే వాళ్లకి హాని.

మాట పుట్టుక చూస్తే ఇంకో ముచ్చట. టైట్రేషన్‌కి మూలం ఫ్రెంచి 'తీత్ర్', అంటే పేరు, బిరుదు. అదే మాటకి వెండి బంగారాల స్వచ్ఛత అని కూడా అర్థం. 19వ శతాబ్దంలో గే-లుసాక్ లాంటి ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు దాన్ని ద్రావణాల మీదికి తెచ్చారు. బంగారం స్వచ్ఛతకి మన మాట 'వన్నె', అది వర్ణం నుంచి వచ్చింది. ఆ వన్నె అంటే రంగు, ఈ కుప్పెలో ఆగమని చెప్పేదీ రంగే! రెండింటికీ చుట్టరికం లేదు, కానీ ఇలా ఒకచోట కలవడం నాకు భలే నచ్చింది. రక్తపరీక్షల్లో వినిపించే 'టైటర్' కూడా ఈ కుటుంబానిదే, అయితే అది కొలతే గానీ సర్దుబాటు కాదు.

మరి వార్డు అర్థానికి తెలుగేది? రోగి బంధువులు అడిగితే నర్సు ఏమంటుందో గుర్తు తెచ్చుకోండి: "బీపీ చూసుకుంటూ మందు పెంచుతున్నామండీ." ఆ 'చూసుకుంటూ'లోనే టైట్రేషన్ ఉంది. చూడటం, ఇవ్వడం రెండూ కలిసి సాగుతున్నాయని ఆ ఒక్క మాట చెప్పేస్తోంది. 'మోతాదు సర్దుబాటు' అని మాత్రం రాస్తే ఆ చూడటం ఎగిరిపోతుంది. కిడ్నీ పనితీరు లెక్కగట్టి మందు తగ్గించినా సర్దుబాటే కదా. అలాగే స్టెరాయిడ్‌ని ముందే వేసుకున్న లెక్క ప్రకారం రోజులవారీగా తగ్గించుకురావడం టేపరింగ్, దాన్ని టైట్రేషన్‌లో కలపొద్దు.

అందుకని పాఠంలో మొదటిసారి వచ్చినప్పుడు "టైట్రేట్ చేయడం, అంటే రోగి స్పందన చూసుకుంటూ మోతాదు పెంచడం, తగ్గించడం" అని రాసి, తర్వాత టైట్రేట్ అనే వాడమని నా సూచన. డ్యూటీలో వినిపించే మాట ఎలాగూ అదే. ఎంతతో మొదలుపెట్టాలి, ఒక్కో మెట్టు ఎంత, ఏ అంకె దగ్గర ఆగాలి అన్న మూడూ ఆ వాక్యం వెంటే ఉండాలి. అవి లేకుండా ఉత్త 'టైట్రేట్ చేయండి' అంటే ఏ భాషలో రాసినా నర్సుకి టెన్షనే.