స్నేక్ ప్లాంట్ కుండీ చీలిపోయింది: ఇప్పుడే మార్చాలా, వానలు తగ్గేదాకా ఆగాలా?

కంటోన్మెంట్ వాసి, విజయనగరం

మా హాలులో కిటికీకి కాస్త ఎడంగా ఉంచిన స్నేక్ ప్లాంటు, పెద్దగా పట్టించుకోకపోయినా గుబురుగా పెరిగింది. ఆకుల అంచుల వెంట పసుపు చార ఉండే రకం ఇది. 8 అంగుళాల ప్లాస్టిక్ కుండీ ఈమధ్య ఒకవైపు ఉబ్బి, అంచు నుంచి కిందికి చీలింది. ఆ చీలికలోంచి తెల్లని పిలక ఒకటి బయటికి వస్తోంది. వానాకాలంలో కుండీ మార్చితే మొక్క కుళ్ళిపోతుందని ఇరుగుపొరుగువారు అంటున్నారు. మార్చక తప్పదంటే, మళ్ళీ మళ్ళీ ఈ పని పెట్టుకోకుండా ఒకేసారి 14 అంగుళాల కుండీలోకి మార్చవచ్చా? పలాస బంధువులు ఇచ్చిన జీడిపిక్కల తొక్కలు ఒక సంచి నిండా ఉన్నాయి, నీరు నిలవకుండా వాటిని అడుగున పరవవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం

కుండీ చీలిన తరువాత ఆగడంలో ప్రయోజనం లేదండి. మొక్క ఇంటి లోపలే ఉంది కాబట్టి, వాన దాని మీద పడనంతవరకు ఏ నెలలో మార్చినా ఫరవాలేదు. తొందర లేనివారికి మాత్రం సంక్రాంతి వెళ్ళాక, ఎండలు ముదరక ముందు అనువైన సమయమని చెబుతాను.

14 అంగుళాల కుండీ ఆలోచన మానుకోండి. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఈ మొక్క పశ్చిమ ఆఫ్రికాకు చెందినది. పగటిపూట ఆకు రంధ్రాలను చాలావరకు మూసి ఉంచి, రాత్రివేళ తెరిచి గాలిని తీసుకుంటుంది కాబట్టి అది ఖర్చుచేసే నీరు బహు తక్కువ. వేళ్ళు చేరని మట్టి చుట్టూ ఎక్కువగా ఉంటే, ఆ మట్టిలోని తడిని పీల్చేవారు ఉండరు. మన తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ కనుక అది తనంతట తాను ఆరిపోవడానికీ చాలా కాలం పడుతుంది. ఆ తడిలోనే కొమ్ము, అంటే మట్టిలో దుంపలా పాకే కాండం, కుళ్ళి ఆకుల మొదళ్ళు మెత్తబడతాయి. 10 అంగుళాల కుండీ చాలు. మట్టికుండీ అయితే దాని గోడలు కూడా చెమ్మను బయటికి వదులుతాయి కనుక మరీ మంచిది.

కొబ్బరితోట, కవిటి

అధ్యాపకులు గారు చెప్పినదానికి మట్టి సంగతి కలుపుతున్నాను. నర్సరీల నుంచి వచ్చే మొక్కల వేళ్ళ చుట్టూ తరచుగా జిగురు బంకమట్టి ఉంటుంది. ఆరితే అది రాయిలా బిగుస్తుంది, తడిస్తే నీటిని వదలదు. దానిని వేళ్ళు తెగకుండా చేతితో మెల్లగా రాల్చేయండి. ఎర్రమట్టి, గరుకైన ఏటి ఇసుక సమపాళ్ళలో తీసుకుని, అందులో సగం వంతు కొబ్బరి పొట్టు, ఒక గుప్పెడు బాగా చివికిన పశువుల గత్తం కలిపితే సరిపోతుంది. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, అందులో ఉప్పు ఉంటుంది. కొబ్బరి పొట్టులోనూ లవణాలు ఉంటాయి కనుక దానిని మంచినీటిలో నానబెట్టి పిండి, ఆ నీరు పారబోసి వాడాలి. మా ఉద్దానంలో పొట్టుకు కొదవ లేదు గానీ, కడగకుండా వాడేవారే ఎక్కువ.

జీడితోట, పలాస

జీడి తొక్కలు కుండీలో వేయకండి. ఆ తొక్కలో ఉండే నూనె చర్మానికి తగిలితే మంట పుట్టి పొక్కులు వస్తాయి. కాల్చిన తొక్కలోనూ అది కొంత మిగిలే ఉంటుంది. వాటిని పొయ్యిలోకి వాడడం, నూనె తీయడం ఇక్కడ మామూలే గానీ, మొక్కల మొదట్లో వేయడం మంచి పని కాదు. పిల్లలున్న ఇల్లయితే ఆ సంచిని వారికి అందనిచోట ఉంచండి.

విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం

ఆ మాటకొస్తే అడుగున తొక్కలే కాదు, గులకరాళ్ళూ అవసరం లేదు. సన్నని మట్టిలోని నీరు పెద్ద రంధ్రాలున్న రాళ్ళ పొరలోకి సులువుగా దిగదు. రాళ్ళ పైనే నిలిచి, తడి పొరను వేళ్ళకు మరింత దగ్గర చేస్తుంది. చిల్లు మీద ఒక పెంకు ముక్క బోర్లించి, మిగిలినదంతా మట్టి మిశ్రమంతోనే నింపండి.

కంటోన్మెంట్ వాసి, విజయనగరం

అందరికీ ధన్యవాదాలండి. 10 అంగుళాల మట్టికుండీ తీసుకుంటాను. మొక్క అందులో పట్టకపోతే కొంత విడదీసి మా అక్కగారికి ఇద్దామనుకుంటున్నాను. పిలకలు తీయాలా, ఆకు ముక్కలు నాటినా సరిపోతుందా? మార్చాక నీరు ఎప్పుడు పోయాలి?

విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం

మీది పసుపు అంచు రకం కనుక పిలకే తీయండి. ఆకు ముక్క నాటినా బతుకుతుంది, అయితే నెలలు పట్టడమే కాక, వచ్చే మొక్కకు పసుపు అంచు ఉండదు. ఆ పసుపు రంగు ఆకు అంచులోని ఒక కణాల పొరకు పరిమితం, కొత్త మొలక పుట్టేది లోపలి పచ్చని కణజాలం నుంచి. అల్లం, పసుపులకు ఉన్నట్టే దీనికీ మట్టిలో అడ్డంగా పాకే కొమ్ము ఉంటుంది. కొన్ని వేళ్ళు అంటి ఉండేలా ఆ కొమ్మును శుభ్రమైన కత్తితో కోసి, కోసినచోటు ఆరేదాకా ఒకటి రెండు రోజులు నీడలో ఉంచి నాటండి. ఇప్పుడున్న కుండీని బోర్లించి లాగవద్దు, చీలిక వెంట కత్తిరించి తీసేస్తే వేళ్ళు తెగవు.

నాటిన వెంటనే నీరు పోయకండి, వారం ఆగండి. తరువాత వేలును రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. ఆకుల నడుమ గుత్తిలోకి నీరు పోకుండా కుండీ అంచు వెంట పోస్తే సరి.