క్వీన్స్‌లోని పార్కులో ఫుట్‌బాల్ ఆడేవాళ్లతో ఎలా కలవాలి?

న్యూయార్క్‌లో ఉంటున్నవాళ్లు కాస్త సాయం చేయండి. మేం క్వీన్స్‌కి మారి మూడు నెలలైంది. ఆదివారం వస్తే ఫ్లషింగ్ మెడోస్ కరోనా పార్కులో, ఆ 1964 వరల్డ్స్ ఫెయిర్ నాటి ఉక్కు భూగోళం చుట్టుపక్కలంతా ఫుట్‌బాలే. ఇక్కడ సాకర్ అంటారు, నాకు ఆ పేరు ఇంకా నోట రావడం లేదు. ఎక్కువగా స్పానిష్ మాట్లాడేవాళ్లే ఆడతారు. గోల్‌పోస్టుల బదులు రెండు బ్యాగులు పెడతారు. రెండు గోల్స్ పడితే ఓడిన జట్టు బయటికి, కాచుకుని ఉన్న జట్టు లోపలికి. గట్టు మీద కూర్చుని చూస్తుంటే నా కాళ్లు ఆగడం లేదు. కాలేజీలో నాలుగేళ్లు లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్‌గా, ఆడాను మరి.

ఒకరు తక్కువైతే కొత్తవాళ్లని కలుపుకుంటారా? నాకు స్పానిష్ రాదు, ముందుగా ఎవరిని అడగాలి? ఆడవాళ్లు కూడా కలిసి ఆడే చోటు ఉందా? అన్నిటికంటే నాకు ఇదే ముఖ్యం. పర్మిట్ ఉన్న లీగ్ వస్తే మైదానం వదిలేయాలని తెలుసు, మరి ఖాళీగా దొరికే వేళ ఏది? కృత్రిమ గడ్డి మీదకి ఏ షూ మంచిది? మోకాలికి పాత దెబ్బ ఉంది, అందుకే టెన్షన్.