అప్‌డేట్: ఎస్‌యూవీ మైలేజీ 15 నుంచి 11కి ఎందుకు పడిపోయిందో తెలిసింది

రాయగడ నుంచి మళ్ళీ నేనే. మా డీజిల్ ఎస్‌యూవీ లీటరుకు 15 కిలోమీటర్ల నుంచి 11కి దిగిందని అడిగాను కదా. సలహాలు ఇచ్చినవారందరికీ కృతజ్ఞతలు. ఇంజెక్టర్లు, టైర్ల గాలి, కల్తీ డీజిల్ ఏవీ కారణం కావు. కొత్త ఎయిర్ ఫిల్టర్ డబ్బు దండగ. “కాసేపు నడిపాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి” అన్న మాటే పనికొచ్చింది. ముందు ఎడమ చక్రం పొయ్యిలా సెగలు కక్కుతోంది! పార్వతీపురంలో మెకానిక్ విప్పి చూశాడు. చక్రంతో తిరిగే డిస్కుకు బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం కాలిపర్, అది జరిగే పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కును రాస్తూనే ఉంది. పిన్నులు శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, ప్యాడ్లు మార్చాడు.

ట్యాంకు నిండా పోయించి, మళ్ళీ నిండా పోయించి లెక్క వేస్తే ఇప్పుడు 14.6. డాష్‌బోర్డు మాత్రం 16 అంటుంది, దాని ఆశ దానిది. కోరాపుట్ ఘాట్ ఎక్కిన రోజు 12 దాటదు, దానికి మందు లేదు.