గ్రామసభ రాత్రి ఏడింటికి పెడితే జనం వస్తారా?

నాగావళి_ఒడ్డు:
పొద్దున్న పదకొండింటికి సభంటే ఎవరొస్తారండీ? కూలోళ్ళు పొలంలో ఉంటారు. మిగిలేది వార్డు మెంబర్లు, సచివాలయం సిబ్బందే. వారం ముందు సాటింపు వేయించాలి. వీధి వీధికీ రామమందిరం దగ్గర రాత్రి ఏడింటికి కూర్చోబెట్టి, అక్కడి కోరికలు రాసుకుని అప్పుడు సభకి తేవాలి.

గజపతినగరం_63:
వేళ కాదు, లెక్క చెప్పకపోవడమే రోగం. 15వ ఆర్థిక సంఘం పేరున కేంద్రం పంచాయతీలకిచ్చిన 2021–26 నిధుల్లో 60 శాతం ఫలానా పనికేనని ముందే ముడేసి ఇచ్చారు. అందులో సగం తాగునీటికి, వాననీటి నిల్వకి, సగం పారిశుధ్యానికి. సిమెంటు రోడ్డుకి వాడుకోగలిగింది మిగతా 40 శాతంలోనే. ఈ ముక్క చెప్పకుండా ‘ఏం కావాలి’ అనడిగితే ఊరంతా రోడ్డే అంటుంది. అది రాదు. మరుసటి సభకి మనుషులూ రారు. ఎంత డబ్బుందో, దేనికి వాడొచ్చో బోర్డు మీద రాసి, తర్వాత అడగాలి.

సోంపేట_బీల:
2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు జరిగాయి కదా?

నాగావళి_ఒడ్డు:
పైనుంచి ఆదేశమొచ్చింది, జరిగాయి. నేనడిగేది మామూలు రోజుల సంగతి.

గజపతినగరం_63:
సంతకాల సంగతెవరూ ఎత్తరేం? ఖాళీ పేజీ మీద సంతకాలు పెట్టించుకుంటే, తర్వాత ఏదైనా రాసుకోవచ్చు. ముందు తీర్మానం రాయాలి, గట్టిగా చదవాలి, ఆఖరి వరస కింద గీత గియ్యాలి. అప్పుడే సంతకం, వేలిముద్ర. నకలు సమాచార హక్కు కింద అడగొచ్చు. గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

పలాస_జీడి:
సంక్రాంతి వారంలో పెట్టండి. హైదరాబాదు, చెన్నై వెళ్ళినోళ్ళంతా ఊళ్ళోనే ఉంటారు.

భావనపాడు_తీరం:
గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకెళ్ళినోళ్ళు సంక్రాంతికి రారు. అక్కడ వేట ఆగేది జూన్, జూలైల్లో. మా వాడలకి సభ అప్పుడే.

నాగావళి_ఒడ్డు:
ఏడాదికి వారం రోజులుండేవాళ్ళ కోసం సభా? వచ్చి ఊరి మొదట ఆర్చి అడుగుతారు. మురుగు కాలవ పక్కన ఏడాదంతా బతికేది ఎవరు?

పలాస_జీడి:
మాటలు జాగ్రత్త. ఊళ్ళో ఇళ్ళు లేచింది వలసోళ్ళ డబ్బుతో. 1994 పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షన్ చూడండి. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. ఊళ్ళో ఎన్నాళ్ళున్నాడని చట్టం అడగదు.

గజపతినగరం_63:
సంతకాల గురించి ఒక్కరూ మాట్లాడరు!

నాగావళి_ఒడ్డు:
సభ్యులు కాదని నేననలేదు. కాలవ కావాలా, ఆర్చి కావాలా అని చేతులెత్తిస్తే, సెలవుకొచ్చినోళ్ళ చేతులే ఎక్కువ లేస్తాయంటున్నాను. కాలవ సంగతి ఆ వీధే తేల్చాలి. అందుకే వీధి సభ అన్నాను.

సువర్ణముఖి:
అక్కడే చిక్కుంది. వీధి తేల్చినా డబ్బు ఊరి ఖాతాలోదే. పెద్ద వీధిలో తలలెక్కువ, ఎస్సీ వీధిలో తక్కువ. పెద్ద సభలో మళ్ళీ చేతులెత్తిస్తే చిన్న వీధి ప్రతిసారీ ఓడిపోతుంది, రాత్రి పెట్టినా సంక్రాంతికి పెట్టినా. ప్రతి వీధి మొదటి కోరికనీ ఓటు లేకుండా ప్రణాళికలో చేర్చాలి, ఓటు రెండో కోరిక దగ్గర్నుంచే. ఇది తీర్మానంగా రాయించండి.

పలాస_జీడి:
మొదటి కోరికలకే డబ్బు చాలకపోతే?

సువర్ణముఖి:
అప్పుడు ఈ ఏడాది ఆగిన వీధి వచ్చే ఏడాది వరసలో ముందుండాలి. ఆ వరస కూడా పుస్తకంలో రాసి, గీత గియ్యాలి.